కోకా-కోలాకి రెండు లాభాలు, మధ్యలో కొన్ని వరుసలు

2024లో కోకా-కోలా షేరుకు ఎంత సంపాదించింది అని అడిగితే కంపెనీయే రెండు జవాబులు చెబుతుంది. అకౌంటింగ్ నియమాల ప్రకారం 2.46 డాలర్లు. ‘కంపేరబుల్’ లెక్కలో, అంటే ఏళ్ల మధ్య పోలికకి అడ్డమని కంపెనీ అనుకున్న ఖర్చులు, లాభాలు తీసేశాక, 2.88 డాలర్లు. రెండూ ఒకే ప్రెస్ రిలీజ్‌లో పక్కపక్కనే ఉంటాయి, రెండింట్లో ఏదీ అబద్ధం కాదు, కానీ టీవీ స్క్రోలింగుల్లో, షేర్ల యాప్‌ల్లో, యూట్యూబ్ వీడియోల్లో తిరిగేది మాత్రం రెండోదే. మధ్యలో ఉన్న ఆ 42 సెంట్ల గురించే ఈ పోస్టు.

ఎందుకు రాస్తున్నానంటే, మా బావమరిది ఈ మధ్య ఫోన్‌లో యాప్ పెట్టుకుని అమెరికా షేర్లు కొనడం మొదలుపెట్టాడు. నేను గచ్చిబౌలిలో కూర్చుని అమెరికా కంపెనీల పుస్తకాలు క్లోజ్ చేసే పనిలో ఉంటాను కాబట్టి ఇంట్లో వాళ్ల దృష్టిలో నేనే షేర్ మార్కెట్ నిపుణుణ్ణి (కాదు). సరిగ్గా క్వార్టర్ క్లోజ్ (మూడు నెలల లెక్కలు ముగించే పని) నడుస్తున్న రాత్రి ఫోన్ చేసి, “బావా, ఈ ఇంపెయిర్‌మెంట్ అంటే డబ్బులు పోయినట్టా, పోనట్టా? నాన్-క్యాష్ అని రాశారు, అంటే ఏం కానట్టేగా?” అన్నాడు. ఆ రాత్రి “తర్వాత చెప్తాలేరా” అని పెట్టేశాను. వాడి ప్రశ్న మాత్రం మంచిది. ఇంపెయిర్‌మెంట్ అంటే, కొన్న ఆస్తి పుస్తకాల్లో రాసుకున్నంత విలువ చేయదని ఒప్పుకుని, ఆ తేడాని నష్టంగా రాయడం. నాన్-క్యాష్ అనగానే చాలామంది అదేదో కాగితం మీది గొడవ అనుకుని పేజీ తిప్పేస్తారు, ఆ పదాన్ని అంత ముందుగా, అంత ప్రముఖంగా పెట్టడంలో కంపెనీల ఉద్దేశం కూడా అదేనేమో అని నాకో అనుమానం.

ముందు ఆ కాగితం ఎలా ఉంటుందో చెప్తాను. కోకా-కోలా ఫలితాల ప్రకటనలో మొదటి కొన్ని పేజీలు కబుర్లు, తర్వాత ఆర్థిక పట్టికలు, వాటి వెనకాల ఎవరూ చూడని చోట ఇంకో రకం పట్టికలు ఉంటాయి. పైన నియమాల ప్రకారం వచ్చిన అంకె, కింద ‘కంపేరబుల్’ అంకె, ఒకదాన్నించి ఇంకోదానికి ఎలా వెళ్లారో చెప్పే వరుసలు మధ్యలో. ఈ పోస్టులో సులువు కోసం పైదాన్ని ఎడమవైపు కాలమ్, కిందిదాన్ని కుడివైపు కాలమ్ అంటాను. ఇంపెయిర్‌మెంట్లు, ఉద్యోగాల కోతకయ్యే ఖర్చులు, కొన్న కంపెనీలకి బాకీపడ్డవి, బాట్లింగ్ వ్యాపారాలు అమ్మితే వచ్చిన లాభాలు, కోర్టు పన్నుల వ్యవహారాలు, అన్నీ అందులోనే. ఒక్కోదానికి కింద చిన్న అక్షరాల్లో వివరణ. నేనైతే రిలీజ్ రాగానే ముందు అక్కడికే పోతాను, సీఈఓ గారి ఉత్సాహం తర్వాత చదువుకోవచ్చు.

ఆ వరుసల్లో ఏముంటుందో చూడ్డానికి బాడీఆర్మర్ కథ సరిపోతుంది. స్పోర్ట్స్ డ్రింక్, పెప్సీ వాళ్ల గేటరేడ్‌కి పోటీ, బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్ మొదట్లోనే డబ్బు పెట్టిన బ్రాండ్. 2018లో కోకా-కోలా అందులో 15 శాతం వాటా కొంది. 2021 నవంబరులో మిగతా 85 శాతాన్ని 560 కోట్ల డాలర్ల నగదు ఇచ్చి తీసుకుంది. ఇక్కడ అకౌంటింగ్‌లో ఒక వింత జరుగుతుంది. మొత్తం కంపెనీ చేతికొచ్చిన రోజున, అంతకు ముందు నుంచి ఉన్న పాత వాటాని కూడా ఆ రోజు విలువకి మార్చి రాయాలి, పెరిగినదంతా లాభంగా చూపాలి. అలా 2021లో 83.4 కోట్ల డాలర్ల లాభం పుస్తకాల్లోకి వచ్చింది. అంటే తాము ఒప్పుకున్న ధరే తమ పాత వాటాకి లాభం తెచ్చిపెట్టింది, బయటినుంచి ఒక్క డాలరు రాకుండానే.

తర్వాత 2024 మొదటి క్వార్టర్‌లో అదే బాడీఆర్మర్ ట్రేడ్‌మార్క్ మీద 76 కోట్ల డాలర్ల ఇంపెయిర్‌మెంట్. కారణం కంపెనీ రెండు ముక్కల్లో చెప్పింది: అమ్మకాల మీద అంచనాలు తగ్గాయి, కొన్నప్పటితో పోలిస్తే డిస్కౌంట్ రేట్లు (పెట్టిన డబ్బుకి ఏటా ఇంత రావాలి అని అడిగే రాబడి) పెరిగాయి. 2021లో వచ్చిన లాభం, 2024లో వచ్చిన నష్టం, దాదాపు ఒకే సైజు, రెండూ ‘కంపేరబుల్’లోకి రాకుండా ఆ వరుసల్లోనే ఆగిపోయాయి. లాభాలు మాత్రం ఉంచుకుని నష్టాలు తీసేస్తున్నారు అని కోకా-కోలాని తిట్టడానికి లేదు, రెండూ తీసేస్తారు, అది నిజాయితీగానే చేస్తారు. కానీ కుడివైపు కాలమ్ ఒక్కటే చదివేవాడికి ఈ కంపెనీ బాడీఆర్మర్‌ని అంత పెట్టి కొందని గానీ, ఆ ధర కాస్త ఎక్కువైందని గానీ జన్మలో తెలియదు.

ఇప్పుడు మా బావమరిది ప్రశ్న. డబ్బులు పోయినట్టా? పోయాయి. 2021లోనే పోయాయి. 2024లో జరిగింది ఆ సంగతి ఒప్పుకోవడం మాత్రమే. నాన్-క్యాష్ అన్నది ఆ క్వార్టర్ వరకే నిజం.

ఎంత ఒప్పుకోవాలి అన్నది ఎలా తేలుతుందో చిన్న లెక్క వేసి చూపిస్తాను, ఇవి నేను సులువు కోసం అనుకున్న అంకెలు. ఒక బ్రాండ్ వచ్చే ఏడాది 80 కోట్లు తెస్తుంది, ఆ తర్వాత ఏటా 4 శాతం పెరుగుతుంది, ఆ డబ్బుకి మనం అడిగే రాబడి 12 శాతం అనుకోండి. 12లోంచి 4 తీస్తే 8 శాతం, 80ని 8 శాతంతో భాగిస్తే 1,000 కోట్లు. అదే బ్రాండ్ విలువ, అంత పెట్టి కొన్నారు, బ్యాలెన్స్ షీట్లో అంతే ఉంది. రెండేళ్ల తర్వాత కూడా వచ్చే ఏడాది అంచనా 80 కోట్లే. పెరుగుదల మాత్రం 4 కాదు 3 అనుకున్నారు, వడ్డీ రేట్లు పెరిగాయి కాబట్టి అడిగే రాబడి 12 నుంచి 13 అయింది. ఇప్పుడు తేడా 10 శాతం, 80ని 10 శాతంతో భాగిస్తే 800 కోట్లు. ఒక్కో శాతం అటూ ఇటూ కదిలినందుకు 200 కోట్లు హుష్ కాకి. ఫ్యాక్టరీలో ఒక్క మెషీను ఆగలేదు, దుకాణంలో ఒక్క సీసా తగ్గలేదు. అసలు పద్ధతి ఇంతకంటే పెద్దదే, ట్రేడ్‌మార్క్ అయితే మనది కాకపోయుంటే దానికి ఎంత రాయల్టీ కట్టాల్సి వచ్చేది అన్న లెక్కలోంచి వస్తారు, పదేళ్ల ప్లాను ఉంటుంది, వాల్యుయేషన్ వాళ్లు వంద పేజీల రిపోర్టు ఇస్తారు, కానీ మీట నొక్కితే కదిలేవి చివరికి ఆ రెండు అంకెలే.

అందుకే ఈ ఇంపెయిర్‌మెంట్ టెస్టుల సీజన్‌లో మా ఆఫీసులో జరిగే కాల్స్ వినాలి. రాత్రి తొమ్మిది దాటాక అటు అమెరికాలో బ్రాండ్ ఫైనాన్స్ వాళ్లు, వాల్యుయేషన్ వాళ్లు, ఆడిటర్లు, ఇటు మేము ముగ్గురం మ్యూట్‌లో. గంటన్నర కాల్‌లో గంట డిస్కౌంట్ రేటు మీదే, అదీ ఒక శాతంలో పావు వంతు కోసం. బ్రాండ్ వాళ్లు పంపే ప్లానుకి ఒక పద్ధతి ఉంటుంది: మొదటి రెండేళ్లు అమ్మకాలు అలాగే ఉంటాయి, మూడో ఏడాది నుంచి లేస్తాయి. మరుసటి ఏడాది కొత్త ప్లాను వస్తుంది, అందులోనూ మొదటి రెండేళ్లు అలాగే, లేచేది మళ్లీ మూడో ఏడాదే. మా టీమ్‌లో సీఏ ఆర్టికల్‌షిప్ అయిపోయి కొత్తగా వచ్చిన అమ్మాయి పాత ప్లానులన్నీ ఒకే గ్రాఫ్‌లో వేసింది, ఎవరూ అడగకుండానే. ఆ లేచే గీతలన్నీ ఏడాది ఏడాదికీ కుడివైపు జరిగిపోతూ కనిపించాయి. ఆ గ్రాఫ్ ఆడిటర్లకి పంపాలా వద్దా అని మా మేనేజర్‌కి రెండ్రోజులు టెన్షన్, చివరికి ఆడిటర్లే అలాంటిది వేసుకుని వచ్చారు.

బాడీఆర్మర్ అంచనా తప్పిన కథ, సరే. ఫెయిర్‌లైఫ్ దానికి పూర్తిగా ఉల్టా, నాకు ఇదే ఎక్కువ ఇష్టం. ఇది పాలు. ఫిల్టర్ చేసి ప్రోటీన్ ఎక్కువ, చక్కెర తక్కువ ఉండేలా చేసిన పాలు. పాడిరైతుల సంస్థ సెలెక్ట్ మిల్క్ ప్రొడ్యూసర్స్‌తో కలిసి కోకా-కోలా పెట్టిన జాయింట్ వెంచర్. 2020 జనవరిలో అవతలివాళ్ల 57.5 శాతం వాటాని కోకా-కోలా కొనేసింది. అప్పటికప్పుడు ఇచ్చింది 97.9 కోట్ల డాలర్లు, మిగతాది 2024 దాకా వ్యాపారం ఎలా నడుస్తుందో చూసి ఇస్తామని ఒప్పందం. ఇలా తర్వాత ఇచ్చేదాన్ని ఎంత అవుతుందో అంచనా వేసి మొదటి రోజే అప్పుగా పుస్తకాల్లో రాసుకోవాలి, తర్వాత ప్రతి క్వార్టర్ మళ్లీ అంచనా వేసి, పెరిగితే ఆ పెరిగినదంతా ఖర్చు కింద రాయాలి.

ఫెయిర్‌లైఫ్ బ్రహ్మాండంగా అమ్ముడైంది. అమెరికాలో ప్రోటీన్ పిచ్చి ఏ స్థాయిలో ఉందో చెప్పక్కర్లేదు. అమ్మకాలు పెరిగేకొద్దీ బాకీ పెరిగింది, బాకీ పెరిగేకొద్దీ ఖర్చు పెరిగింది. 2023లో దీని మీదే దాదాపు 170 కోట్ల డాలర్ల ఖర్చు, 2024లో దాదాపు 310 కోట్ల డాలర్లు. అంటే 2024లో బాడీఆర్మర్ అంచనాలు అందుకోనందుకు 76 కోట్లు, ఫెయిర్‌లైఫ్ అంచనాలు దాటిపోయినందుకు దానికి నాలుగు రెట్లు, రెండూ లాభనష్టాల పట్టికలో ‘ఇతర ఆపరేటింగ్ ఖర్చులు’ అనే ఒకే లైనులో. ఆ లైను ఉబ్బితే కంపెనీకి చెడు జరిగిందా మంచి జరిగిందా అన్నది లైను చూసి చెప్పలేం. విప్పి చూడాల్సిందే.

పాత నియమాల్లో అయితే ఇలా తర్వాత కట్టిన మొత్తం కొన్న ధరలో కలిసిపోయి గుడ్‌విల్ (కంపెనీ ఆస్తుల విలువకి మించి ఇచ్చిన ధర) అయ్యేది, ఖర్చు అయ్యేది కాదు. అమెరికాలో 2009 నుంచి అమల్లోకి వచ్చిన నియమం దాన్ని లాభనష్టాల్లోకి తోసింది. నా దృష్టిలో కొత్త నియమమే మేలు, ధర తప్పుగా అంచనా వేశామన్నది ఎక్కడో ఒకచోట కనపడాలి కదా.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ బాకీ పెరుగుతున్న ఏళ్లలో కంపెనీ ఏమంది? ఇది కంపేరబుల్ లెక్కలోకి రాదు, తీసేశాం అంది. సరే, ఆ ఏడాది నగదు కదల్లేదు, ఒప్పుకుందాం. 2025లో బిల్లు కట్టే రోజు వచ్చింది. దాదాపు 610 కోట్ల డాలర్లు, నిజం నగదు, బ్యాంకులోంచి పోయింది. ఆ దెబ్బకి 2025 మొదటి క్వార్టర్‌లో కోకా-కోలా ఆపరేటింగ్ క్యాష్ ఫ్లో, అంటే వ్యాపారంలోంచి చేతికొచ్చే నగదు, మైనస్ 520 కోట్ల డాలర్లు, కోకా-కోలా లాంటి కంపెనీకి మైనస్! అప్పుడు కంపెనీ ఏమంది? ఏడాది ఫ్రీ క్యాష్ ఫ్లో (ఆ నగదులోంచి ఫ్యాక్టరీల్లాంటి వాటి మీద పెట్టింది పోగా మిగిలేది) అంచనాని ‘ఫెయిర్‌లైఫ్ చెల్లింపు మినహాయించి’ ఇచ్చింది. లాభంలోంచి నగదు కాదని తీశారు. నగదులోంచి మామూలుగా వచ్చేది కాదని తీశారు. 600 కోట్ల డాలర్ల పైచిలుకు నిజమైన ఖర్చు, ఏ ఏడాదిలోనూ, కుడివైపు కాలమ్‌లో ఏ లైనులోనూ కనపడకుండా గేటు దాటి వెళ్లిపోయింది. ఇందులో మోసం ఏమీ లేదు, ప్రతిదీ రాసే ఉంది, ఎడమవైపు అన్నీ ఉన్నాయి. కానీ కుడివైపు మాత్రమే చదివే వాడి లోకంలో ఫెయిర్‌లైఫ్ దాదాపు ఉత్తపుణ్యానికి వచ్చింది, దాని లాభాలు మాత్రం ప్రతి క్వార్టర్ కంపేరబుల్‌లో కలుస్తున్నాయి.

“ఒక్క ఏడాది అలా జరిగిందిలే” అంటారేమో. చూడండి. 2020లో షేరుకు నియమాల ప్రకారం 1.79, కంపేరబుల్ 1.95. 2021లో 2.25, 2.32. 2022లో 2.19, 2.48. 2023లో 2.47, 2.69. 2024లో 2.46, 2.88. ఐదేళ్లవీ కూడితే ఎడమవైపు 11.16 డాలర్లు, కుడివైపు 12.32. తేడా 1.16, అంటే కుడివైపు చూపించిన ప్రతి వంద రూపాయల్లో తొమ్మిది పైచిలుకు ఎడమవైపు చేరనే లేదు. వెనక్కి వెళ్లినా అంతే, 2015 నుంచి 2024 దాకా పదేళ్లలో ఒక్క ఏడాది కూడా ఎడమవైపుది పెద్దది కాలేదు. 2017లో అయితే అమెరికా పన్నుల చట్టం మారినందుకు 0.29కి పడిపోయింది, కంపేరబుల్ 1.91 దగ్గర హాయిగా ఉంది. ఆ ఒక్క ఏడాదికి మాత్రం కంపేరబులే నిజానికి దగ్గర అని నేనూ ఒప్పుకుంటా.

మన ఇళ్లల్లో కూడా నెల ఖర్చు 40 వేలే అంటాం, ఆ ఏడాది చెల్లెలి పెళ్లి, మరుసటి ఏడాది నాన్నగారి కంటి ఆపరేషన్, ఆ తర్వాత బోరు ఎండిపోయి కొత్త బోరు. ఒక్కోటీ అనుకోకుండా వచ్చిందే. ఏదో ఒకటి రావడం మాత్రం అనుకోనిది కాదు.

కోకా-కోలాలో ఆ పెళ్లీ ఆపరేషనూ కాని, ప్రతి ఏడాదీ ఉండే ఐటమ్ ఇంకోటి ఉంది. 2012 ఫిబ్రవరిలో ఖర్చులు తగ్గించే ఒక ప్రోగ్రామ్ ప్రకటించారు, 2014లో విస్తరించారు, 2017లో మళ్లీ విస్తరించారు. దాని ఖర్చులు ఏటేటా మినహాయింపుల్లోనే, అంటే కంపేరబుల్‌లోంచి తీసేసే ఆ మధ్య వరుసల్లోనే. 2020లో ఇంకో పునర్వ్యవస్థీకరణ, దాని ఖర్చులూ అక్కడే. ఖర్చు తగ్గించడానికి పెట్టిన ఖర్చు లెక్కలోకి రాదు, తగ్గిన ఖర్చు వల్ల పెరిగిన లాభం మాత్రం వస్తుంది.

అమెరికా షేర్ మార్కెట్ రెగ్యులేటర్ ఎస్‌ఈసీకి ఇది తెలియక కాదు. గత రెండేళ్లలో అలాంటిది వచ్చి ఉంటే, లేదా వచ్చే రెండేళ్లలో రావచ్చనుకుంటే, ఫైలింగుల్లో దాన్ని ‘మళ్లీ రానిది’ అని పేరుపెట్టి తీసేయకూడదని ఎస్‌ఈసీ నియమం ఉంది. అందుకే పెద్ద కంపెనీలు ఆ మాట వాడవు, ‘పోలికని దెబ్బతీసే అంశాలు’ అంటాయి. అది నియమంలో లేదు కాబట్టి ఇబ్బంది లేదు. అంతకు ముందు అకౌంటింగ్‌లోనే ‘ఎక్స్‌ట్రార్డినరీ’ అని ఒక పెట్టె ఉండేది, అసాధారణం అయి ఉండాలి, అరుదు కూడా అయి ఉండాలి, అప్పుడే అందులో వేయాలి. ఎంత కఠినమంటే 2001 సెప్టెంబరు 11 దాడుల నష్టాలని కూడా అందులో వేయకూడదన్నారు. దానికే చోటు లేకపోతే ఇంక దేనికుంటుంది అనుకున్నారో ఏమో, 2015లో ఆ పెట్టెనే తీసేశారు. మన దేశపు అకౌంటింగ్ ప్రమాణాలు ఇండ్ ఏఎస్‌లో కూడా ఆ మాట నిషేధం, బదులుగా మన ఫార్మాట్‌లో ‘ఎక్సెప్షనల్ ఐటమ్స్’ అని ఒక లైను ఉంది, మన దగ్గరి కథలన్నీ అందులో దొరుకుతాయి.

ఇండియా ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక పాత సంగతి. 1993లో కోకా-కోలా తిరిగొచ్చి పార్లే వాళ్ల దగ్గర థమ్స్ అప్, లిమ్కా, గోల్డ్ స్పాట్ కొంది, ఆ తర్వాత బాట్లింగ్ ఫ్యాక్టరీల మీద బాగా డబ్బు పోసింది. 2000 మొదటి క్వార్టర్‌లో 40.5 కోట్ల డాలర్ల ఆస్తుల విలువని పుస్తకాల్లోంచి కొట్టేసింది, అందులో ముఖ్యమైన భాగం ఇండియా బాట్లింగ్‌దే. ఆ క్వార్టర్‌లో కోకా-కోలాకి మొత్తం మీద 5.8 కోట్ల డాలర్ల నికర నష్టం వచ్చింది, అంతకు ముందు క్వార్టర్‌లోనే రష్యా, బాల్టిక్ దేశాల బాట్లింగ్ వగైరా మీద 81.3 కోట్ల డాలర్లు కొట్టేసి ఉన్నారు. కొత్త సీఈఓగా డగ్లస్ డాఫ్ట్ పగ్గాలు పట్టుకున్న సమయం అది. కొత్తగా వచ్చినాయన పాత చెత్తంతా మొదటి రెండు క్వార్టర్లలో ఊడ్చేయడం ఏ కంపెనీలోనైనా మామూలే, ఎందుకంటే తప్పు పాతాయనది, లాభం తనది.

లాభం ఎలాగంటారా? పదేళ్ల ఆయుష్షు మిగిలిన ఫ్యాక్టరీ పుస్తకాల్లో 100 కోట్లు ఉంటే ఏటా డిప్రిసియేషన్ (అరుగుదల కింద రాసే ఖర్చు) 10 కోట్లు. ఈ రోజు 40 కోట్లు కొట్టేస్తే మిగిలింది 60, ఏటా డిప్రిసియేషన్ 6 కోట్లే. ఆ 40 కోట్ల నష్టం మినహాయింపుల్లోకి పోయింది, ఎవరూ చూడరు. ఏటా మిగిలే 4 కోట్లు మాత్రం పదేళ్లపాటు కంపేరబుల్ లాభంలో కలుస్తూనే ఉంటాయి. ఇంపెయిర్‌మెంట్ వార్త చదివినప్పుడు ఈ రెండో సగం ఎవరూ చెప్పరు. ఆయుష్షుకి గడువు లేని ట్రేడ్‌మార్క్‌కి, గుడ్‌విల్‌కి ఇది వర్తించదు, వాటికి ఏటేటా అరుగుదల ఉండదు కాబట్టి.

2000లో కొట్టేసిన ఇండియా ఏమైందో మనకి తెలుసు. థమ్స్ అప్ 2021కల్లా వంద కోట్ల డాలర్ల బ్రాండ్ అయింది. 2024 డిసెంబరులో సిద్దిపేట జిల్లా బండ తిమ్మాపూర్‌లో హిందుస్తాన్ కోకా-కోలా కొత్త ఫ్యాక్టరీ ప్రారంభమైంది, అదే నెలలో ఆ బాట్లింగ్ వ్యాపారంలో 40 శాతం జూబిలెంట్ భర్తియా గ్రూపుకి అమ్ముతున్నట్టు ప్రకటించారు. మరి వ్యాపారం బాగుపడ్డాక 2000లో కొట్టేసిన విలువని తిరిగి రాసుకోవచ్చా? మన ఇండ్ ఏఎస్ 36 ప్రకారం అయితే రాసుకోవచ్చు, ఒక్క గుడ్‌విల్‌కి తప్ప. అమెరికా నియమాల్లో, వాడుకలో ఉంచుకున్న ఆస్తులకి అది కుదరదు, ఒకసారి తగ్గిస్తే తగ్గించినట్టే. అమ్మిన రోజున మాత్రం తగ్గిన విలువ మీద లెక్క కాబట్టి లాభం పెద్దగా కనిపిస్తుంది, ఆ లాభం మళ్లీ మినహాయింపుల్లోకే.

ఇందులో నాకు అన్నిటికన్నా విచిత్రంగా తోచేది వేరు. 1886లో అట్లాంటాలో పుట్టిన ఆ ఎర్ర లేబుల్ పేరు, ప్రపంచంలో అత్యంత విలువైన బ్రాండ్లలో ఒకటి, కోకా-కోలా బ్యాలెన్స్ షీట్‌లో దాని అసలు విలువకి ఎక్కడా ఉండదు. సొంతంగా పెంచుకున్న బ్రాండ్‌ని ఆస్తిగా రాసుకోనివ్వరు. కొనుక్కున్న బాడీఆర్మర్ ఉంటుంది. కాబట్టి ఇంపెయిర్ అయ్యేవి ఎప్పుడూ కొనుక్కున్నవే. సొంత బ్రాండ్ ఎంత నీరసించినా పుస్తకాల్లో చప్పుడుండదు. అంటే ఈ ఇంపెయిర్‌మెంట్లు కంపెనీ బ్రాండ్లన్నిటి ఆరోగ్యం గురించి చెప్పేవి కావు, కంపెనీ ఎంత తెలివిగా కొంటుంది అన్నదాని గురించి చెప్పేవి. ఆ పరీక్షలో పానీయాల కంపెనీల మార్కులు అంతంతమాత్రమే. క్వేకర్ ఓట్స్ 1994లో స్నాపుల్‌ని 170 కోట్ల డాలర్లకి కొని 1997లో 30 కోట్లకి అమ్ముకుంది. పెప్సీకో 2020లో 385 కోట్ల డాలర్లకి కొన్న రాక్‌స్టార్ ఎనర్జీ డ్రింక్, ఇంకో చిరుతిళ్ల బ్రాండ్ కలిపి 2025లో 186 కోట్లు కొట్టేసింది. కోకా-కోలా ఎంటర్‌ప్రైజెస్ అనే బాట్లింగ్ కంపెనీ 2008లో ఒక్క క్వార్టర్‌లో 530 కోట్ల డాలర్ల ఫ్రాంచైజ్ విలువ తగ్గించుకుంటే, అందులో దాదాపు 35 శాతం వాటా ఉన్న కోకా-కోలా తన వంతుగా 110 కోట్లు నష్టం రాసుకుంది. అక్కడ తగ్గినది ఏంటో తెలుసా, కోకా-కోలా సీసాలు అమ్ముకునే హక్కు. కోకా-కోలా పేరుకి పుస్తకాల్లో విలువ లేదు గానీ, ఆ పేరుతో అమ్ముకునే హక్కు కొనుక్కున్నవాడికి ఉంది, ఆ విలువ తగ్గింది.

అయితే ఇంపెయిర్‌మెంట్ అనే పేరుతో అన్ని నష్టాలనీ ఒకే గాటన కట్టొద్దు. 2025 జనవరిలో యునైటెడ్ బ్రూవరీస్ తెలంగాణకి కింగ్‌ఫిషర్ సరఫరా ఆపేస్తున్నామని ప్రకటించినప్పుడు, 2019-20 నుంచి ధర పెంచలేదు, బకాయిలు పేరుకుపోయాయి అని కారణాలు చెప్పినప్పుడు, మా ఆఫీసు కింద టీ కొట్టు దగ్గర “ఇక వాళ్లకి పెద్ద ఇంపెయిర్‌మెంటే” అన్నారు ఒకాయన. రావాల్సిన బాకీ రాకపోతే దానికి వేరే నియమం, ఎంత వసూలవుతుందో అంచనా వేసి ప్రొవిజన్ పెట్టుకుంటారు. బ్రాండ్ విలువ తగ్గడం వేరు. ప్రభుత్వ బాకీ ఆలస్యమవడం వ్యాపారంలో రోజువారీ తలనొప్పి, అసాధారణం ఎంతమాత్రం కాదు.

ఐఎఫ్‌ఆర్‌ఎస్ అనే అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాలు పాటించే దేశాల్లో 2027 జనవరి 1 నుంచి కొత్త ప్రమాణం ఐఎఫ్‌ఆర్‌ఎస్ 18 వస్తోంది. మేనేజ్‌మెంట్ సొంతంగా తయారుచేసుకున్న ఇలాంటి లాభాల లెక్కలు ఫలితాల్లో చెప్తే, వాటి వివరణ, తేడాల పట్టిక ఆడిట్ అయ్యే నోట్స్‌లోనే పెట్టాలి. ఆ కాల్స్‌లో కూర్చునే మాకు పని పెరుగుతుంది, అయినా రావాల్సిందే. కోకా-కోలా అమెరికా నియమాల్లో ఉంది కాబట్టి దానికి ఇది అంటదు.

మా బావమరిదికి ఆ తర్వాత ఆదివారం ఇదంతా చెప్పాను. వాడు మొత్తం విని “అయితే ఏ అంకె చూడాలి బావా?” అన్నాడు. ఒక్క ఏడాది చూస్తే కంపేరబుల్ చూడు, వ్యాపారం ఎలా నడుస్తోందో అదే బాగా చెబుతుంది. ఐదేళ్లో పదేళ్లో చూస్తే ఎడమవైపుది కూడి చూడు. ఇంపెయిర్‌మెంట్ వస్తే ఆ బ్రాండ్‌ని ఎప్పుడు, ఎంతకి కొన్నారో వెతుకు, అప్పుడు ఎవరు సంతకం పెట్టారో కూడా. తీసేసిన ఖర్చు తర్వాత నగదుగా కట్టాల్సి వస్తుందా అని చూడు, వస్తే ఆ రోజున దాన్ని మళ్లీ తీసేస్తున్నారేమో కాపలా కాయి.

వాడు వెంటనే, అలాంటిది కోకా-కోలాలో ఇప్పుడు ఇంకేమైనా ఉందా అన్నాడు. ఉంది. విదేశీ శాఖల నుంచి రాయల్టీ తక్కువ తీసుకుని అమెరికాలో పన్ను తగ్గించుకున్నారని అక్కడి పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ నోటీసు ఇస్తే, దాని మీద కోకా-కోలా కోర్టుకెక్కిన కేసు, 2007 నుంచి 2009 దాకా మూడేళ్లది. 2020 నవంబరులో ట్యాక్స్ కోర్టు చాలావరకు ఐఆర్‌ఎస్ వైపే చెప్పింది. 2024లో వడ్డీతో కలిపి దాదాపు 600 కోట్ల డాలర్లు కట్టి కంపెనీ అప్పీలుకి వెళ్లింది. కట్టిన ఆ డబ్బు ఎక్కడ రాశారనుకుంటున్నారు? ఖర్చు కాదు, మినహాయింపుల్లోనూ కాదు, చాలావరకు ఆస్తుల వైపు, గెలిచి వెనక్కి తెచ్చుకుంటామన్న నమ్మకంతో. ఆ నమ్మకం పోయిన క్వార్టర్‌లో అది ఖర్చవుతుంది, 2010 నుంచి తర్వాతి ఏళ్లకి కూడా అదే పద్ధతిలో లెక్క కడితే మొత్తం ఇంకా చాలా పెద్దదవుతుంది. నగదు 2024లోనే పోయింది కాబట్టి, ఆ ఖర్చు రాసే రోజున ఈ 600 కోట్లకి కూడా ‘నాన్-క్యాష్’ అని రాసుకునే వీలుంది.